‘లా జెతే’ చిత్రాంతము: స్మృతి – ప్రత్యభిజ్ఞ

స్మృతిని వస్తువుగా గైకొన్న కృతులలో ముగింపును వ్యాఖ్యానించుట తక్కిన కృతులలోకంటె కష్టతరము. సామాన్యకథలో ముగింపనగా జరుగుచున్న దానికి చివర. స్మృతికథలో జరుగవలసినది మొదటనే జరిగిపోయి యుండును. చివరకు మిగులునది దానిని ఎరుగుట యొక్కటియే. ఆ యెరుక వెలుపలినుండి తెచ్చి అతికించిన చమత్కారమా, లేక కథలో తొలినుండి దాగియున్న యర్థమా యని తేల్చుట విమర్శకుని పని. ఇట్టి విచారమునకు మిక్కిలి అనువైన కృతి ఫ్రెంచి దర్శకుడు క్రిస్ మార్కర్ (1921–2012) 1962లో నిర్మించిన ‘లా జెతే’ అను ప్రయోగాత్మక లఘుచిత్రము. దాని నిడివి 28 నిమిషములు. పరిశోధక విద్యార్థులతో కూడి మేము దీనిని చూచినప్పుడెల్ల వినవచ్చిన వ్యాఖ్య ఒక్కటే: విధి తప్పింపరానిది. ఈ వ్యాఖ్య తప్పని మేమనము. అది చాలదని చూపుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము. అందులకు మన శాస్త్రములందలి స్మృతి, ప్రత్యభిజ్ఞ అను రెండు భావనలను, కాళిదాస సూరనార్యుల కథాసంవిధానములను, తుదకు హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో నిలిచియున్న యొక చింతచెట్టును సాయము తెచ్చుకొందుము.

తెలుగు శాఖవారి సంచికలో ఫ్రెంచి చిత్రమునకు చోటేల యని కొందరు శంకింపవచ్చును. ఈ కృతి తన్ను తాను చలనచిత్రమని చెప్పుకొనలేదు. ఛాయాచిత్రములతో కూర్చిన నవల యని ఆరంభమందే పేర్కొన్నది. ఇందు దాదాపు అన్నియు కదలని నలుపు తెలుపు ఛాయాచిత్రములే. పాత్రల నడుమ సంభాషణము వినబడదు. ప్రయోగము చేయువారి జర్మను గుసగుసలు తప్ప, ఆద్యంతము ఒక్క కథకుని కంఠమే కథను నడపును. తెలంగాణమున పటము కథ వినినవారికి ఈ పద్ధతి వింత కాదు. చేర్యాల నకాశీలు గుడ్డపై వ్రాసిన పటమును విప్పి, కూనపులివారు పద్మశాలీయులకు మార్కండేయ పురాణమును చెప్పు తీరు ఇట్టిదే. బొమ్మ నిలిచియుండును, మాట నడచును. బొమ్మలోని వానికి తరువాతి బొమ్మ తెలియదు. పటమునకు ఇవతల నిలిచినవానికి తెలియును. ఈ భేదము మా వాదమునకు మూలము కావున ముందుగా చెప్పితిమి.

కథను సంగ్రహముగా చెప్పుదుము. పారిస్ సమీపమందలి ఓర్లీ విమానాశ్రయములో విమానములను చూచుటకు వీలగు పొడవైన వేదిక గలదు. చిత్రమునకు పేరు దానినుండియే వచ్చినది. ఒక ఆదివారమున తలిదండ్రులతో అచటికి వచ్చిన బాలుడు ఒక స్త్రీ ముఖమును చూచెను. అంతలో ఏదో చప్పుడు. ఆమె చేయి కదలినది. ఒక దేహము ఒరిగినది. జనులు కేకలు వేసిరి. తాను చూచినది ఒక మనుష్యుని మరణమని బాలునకు చాలకాలమునకు గాని తెలియలేదు. పిమ్మట మూడవ ప్రపంచయుద్ధము వచ్చి పారిస్ ధ్వంసమయ్యెను. మిగిలినవారు షాయో ప్రాంతపు నేలమాళిగలలో తలదాచుకొనిరి. అచటి విజేతలు ఆహారము, ఔషధములు, శక్తివనరులు కాలమార్గమున తెప్పించుకొనగోరి ఖైదీలపై ప్రయోగములు చేయుచుండిరి. నాటి బాలుడే నేటి ఖైదీ. బాల్యమందలి యొక బింబము అతనిని విడువకుండుటచే వారతనిని ఎన్నుకొనిరి. అతడు గతమునకు పోయి ఆ స్త్రీని కలిసికొనెను. ఇద్దరును తోటలలో తిరిగిరి, జంతుకళేబరములను పదిలపరచిన ప్రదర్శనశాలను చూచిరి. ఆమె అతనిని తన భూతమని పిలిచెను. తరువాత అతనిని భవిష్యత్తునకు పంపగా, అచటివారు మానవుల పరిశ్రమలను మరల నిలుపజాలిన శక్తిసాధనమును ఇచ్చిరి. పని ముగిసినది గనుక తన్ను చంపుదురని అతనికి తెలిసెను. భవిష్యత్తువారు తమతో చేరుమనిరి. అతడు అది వలదని, తన బాల్యపు ఆ యాదివారమునకు, ఆ స్త్రీ యొద్దకు పంపుమని వేడెను. వేదికపై ఆమె వైపు పరుగెత్తుచుండగా, శిబిరమునుండి తన్ను వెంబడించినవాడు అతనికి కనబడెను. తాను బాల్యమున చూచినది తన మరణమునే యని అప్పుడు అతనికి తెలిసెను.

ఈ ముగింపునకు రెండు వ్యాఖ్యలు సాధారణముగా చెప్పబడుచున్నవి. మొదటిది విధివాదము. కాలమునుండి తప్పించుకొన వీలులేదని అతడు గ్రహించినట్లు కథకుడే చివర చెప్పుచున్నాడు గనుక దీనికి బలము కలదు. కాని విధియే సర్వమైనచో, భవిష్యత్తువారు అతనికి మార్గాంతరము చూపు ఘట్టముతో పని యేమి? ఆ ఘట్టము లేకున్నను ముగింపు చెడదు. దానిని అచట పెట్టుట వలన, మరణము అతనికి దొరకినది కాక అతడు కోరి చేరినదైనది. విధివాదము ఈ కోరికకు అర్థము చెప్పజాలదు.

రెండవది స్వప్నవాదము. ఈ ప్రయాణములన్నియు సూదిమందు వలన ఖైదీ మనస్సులో పుట్టిన భ్రాంతులే యని దీని సారాంశము. అతడు ఆ ముఖమును నిజముగా చూచెనో, రాబోవు ఉన్మాదమునుండి తన్ను కాపాడుకొనుటకు కల్పించుకొనెనో యని కథకుడు ఆదిలోనే సందేహించుటచే ఇదియు నిరాధారము కాదు. అయినను కల యనినంత మాత్రమున ప్రశ్న తీరదు. ఆ కల ఏల ఈ విధముగా ముగిసెను, ఏల వేరొక విధముగా ముగియలేదు అను ప్రశ్న యట్లే నిలుచును.

ఇక మన శాస్త్రములను చూతము. ఆంధ్రుడని ప్రసిద్ధి గన్న అన్నంభట్టు తర్కసంగ్రహములో, సంస్కారము ఒక్కటియే కారణముగా పుట్టు జ్ఞానమును స్మృతి యని నిర్వచించెను. ప్రత్యభిజ్ఞ దీనికంటె భిన్నము. పూర్వము చూచిన దేవదత్తుని మరల చూచి “వాడే వీడు” అనుకొనునపుడు సంస్కారముతో పాటు కన్నుల యెదుటి ప్రత్యక్షమును పనిచేయుచున్నది. ఈ భేదమును చిత్రమునకు అన్వయింపగా ఒక విషయము తేటపడును. తుదిక్షణము వరకు కథానాయకునికి ఉన్నది స్మృతియే. బాలుడు చూచిన దృశ్యములో ముఖము, మరణము రెండును కలవు. అతని స్మృతి ముఖమును కాపాడుకొని మరణమును అంచునకు నెట్టినది. అతడు గతమునకు పోయినప్పుడెల్ల వెదకినది ఆ ముఖమునే. తుదిక్షణమున కలిగినది ప్రత్యభిజ్ఞ. అయితే “వాడే వీడు” అని కాదు, “వాడే నేను” అని. ఇతరుని గుర్తింపవలసిన చోట తన్ను గుర్తించెను. కాశ్మీరశైవమున ఉత్పలదేవుడు ప్రతిపాదించిన ప్రత్యభిజ్ఞయు ఆత్మను గుర్తించుటయే. అచట అది మోక్షమునకు దారి. ఇచట గుర్తింపునకును మరణమునకును నడుమ ఒక్క క్షణమైనను ఎడము లేదు.

ఇట్టి గుర్తింపుతో ముగియు కథలు మనకు కొత్త కావు. అభిజ్ఞానశాకుంతలమున దుష్యంతుడు శాపవశమున స్మృతిని కోల్పోయి, జాలరికి దొరకిన ఉంగరమును చూచి దానిని మరల పొందెను. కాని స్మృతి వచ్చినంతనే శకుంతల లభింపలేదు. ఆరవ అంకమంతయు స్మృతి కలిగియు ఆమెను పొందలేని రాజు దుఃఖమే. ఏడవ అంకమున అతడు మొదట కనుగొన్నది ఆమెను కాదు, సింహపుపిల్లతో ఆడుకొనుచున్న బాలుని. ఆ బాలునిపై వాత్సల్యము కలిగినది. వాని చేతినుండి జారిన రక్షను తాను ఎత్తినను కీడు కలుగలేదు. అంతట బాలుడు తనవాడని తేలినది. పిదప భార్య లభించినది. అనగా రాజు బాలుని మూలమున తన గతమును చేరెను.

పింగళి సూరన కళాపూర్ణోదయము ఈ విషయమున మరింత దగ్గరిది. బ్రహ్మ సరస్వతికి వినోదార్థము చెప్పిన కథయే పిమ్మట భూలోకమున జరుగును; చెప్పుట ముందు, జరుగుట వెనుక. పదునారవ శతాబ్దమున ఒక తెలుగు కవి కాలమును ఇట్లు తిరుగవేయుట చిన్న సంగతి కాదు. ఆ కథలోని కళాపూర్ణుడు పూర్వజన్మమున మణికంధరుడు. కలభాషిణి మధురలాలసగా పుట్టినది. పసిపాప యగు మధురలాలస పూర్వజన్మస్మృతితో నోరు విప్పి కళాపూర్ణునికి ఆ వృత్తాంతమును వినిపించును. రాజు తన కథను తాను జ్ఞప్తికి తెచ్చుకొనలేదు. ఒక శిశువు నోట వినెను. వినినవాడు గనుక దానిని భరించి సుఖముగా జీవింపగలిగెను.

మూడు కృతులలోను ముగింపు చెంత ఒక పసివాడో పసిపాపయో ఉండుట గమనింపదగినది. శాకుంతలమున బాలుడు గుర్తింపునకు సాధనము. కళాపూర్ణోదయమున పాప కథను చెప్పునది. ‘లా జెతే’లో బాలుడు ద్రష్ట. మొదటి రెండింటిలో పెద్దవాడు బాలుని వైపు తిరిగెను. మూడవదానిలో తిరుగలేదు. చిన్ననాటి తానును అచటనే యుండవలెను గదా యని అతనికి అస్పష్టముగా తోచినట్లు కథకుడు చెప్పుచున్నాడు. తోచియు అతడు ముందుగా వెదకినది వేదిక చివరనున్న స్త్రీముఖమునే. విధివాదులు సాధారణముగా దాటిపోవు ఈ చిన్న వాక్యము మా దృష్టిలో చిత్రమంతటికి తాళపుచెవి. ఆ స్థలమున ఆ దృశ్యమును కాపాడుకొనబోవువాడు బాలుడొక్కడే. అతనిని విడిచి నాయకుడు దృశ్యములోనికి పరుగెత్తెను. చిత్రమును చూడవలసినవాడు చిత్రములో చేరగోరెను. చేరినంతనే ద్రష్ట కాక దృశ్యమయ్యెను. తాను స్వంతమనుకొన్న స్మృతికి యజమాని తాను కాడు, దూరముగా నిలిచిన ఆ బాలుడు.

ఇక చెట్టు సంగతి. చిత్రములో నాయకుడును ఆ స్త్రీయు పారిస్ వృక్షోద్యానమున నరికి నిలిపిన సెకోయా వృక్షపు అడ్డుకోతను చూచెదరు. దాని వలయములపై చారిత్రక సంవత్సరములు గుర్తింపబడియున్నవి. అతడు ఆ చెక్కకు వెలుపల, గాలిలోనికి వ్రేలు చూపి తాను అచటినుండి వచ్చితినను భావమున మాటాడును. హిచ్‌కాక్ ‘వర్టిగో’ (1958) లోని ఇట్టి ఘట్టమునకు ఇది ప్రతిధ్వని యని చలనచిత్ర విమర్శకులు ఎరిగినదే. మాకు ముఖ్యమైనది వేరు. ఆ వృక్షము చచ్చినది. అందు కాలము అంకెలుగా కలదు గాని, ఆ అంకెలను అనుభవించినవారెవరును దానితో చేరి లేరు.

దీనికి ప్రతిగా అఫ్జల్‌గంజ్‌లోని చింతచెట్టును తలచుకొనుడు. మూసీ ఒడ్డున రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమునకు వచ్చి పోవు పరిశోధకులకు ఉస్మానియా వైద్యాలయ ప్రాంగణము పరిచితమే. ఆ ప్రాంగణములోనిదే ఈ చెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమును ముంచినది. వేలకొలది జనులు మరణించిరి. నాడు ఈ చెట్టుకొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరని నగరవాసులు చెప్పుకొందురు. తరువాత నదికి ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నిర్మింపబడినవి. కొమ్మలపై నున్నవారు ఆ దినమున చేయగలిగినది ఒక్కటే: క్రింద కొట్టుకొనిపోవువారిని చూచుట. నీటిలోనివారు దృశ్యము, కొమ్మపైనివారు ద్రష్టలు. నాటి సంగతి మనకు చేరినది ద్రష్టల వలననే. ఆ వరదలోనే తల్లిని, భార్యను, కుమార్తెను కోల్పోయి తానొక్కడు మిగిలిన ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీ ఆ దుఃఖమును ‘ఖయామతె సుగ్రా’ అను కవితగా వ్రాసెను. తనవారితో పాటు మునిగియున్నచో ఆ కవిత లేదు. మిగులుట అతనికి సుఖము కాదు; కాని మిగిలినవాడు గనుకనే అతడు చెప్పగలిగెను. నేడు ఆ కొమ్మలపై నున్నవారెవరును జీవించి లేరు. అయినను చెట్టు క్రింద నిలిచినవాడు వరదను తలచుచున్నాడు. చూచినవాడు చెప్పగా, చెప్పినది వినినవాడు మరల చెప్పగా స్మృతి నిలుచును. అందు మరల ప్రవేశించుటకు దారి లేదు. దానిని మరొకనికి అందించుటకు మాత్రము దారి కలదు. ‘లా జెతే’ నాయకునికి తెలియనిది ఇదియే.

ఈ యర్థమునకు చిత్రనిర్మాణమే సాక్ష్యము. కదలని చిత్రముల నడుమ ఒక్క చోట మాత్రము చలనము కలదు. పడకపై నిద్రించు స్త్రీ కన్నులు తెరచి చూచును. ఎలెన్ షాత్లాన్ ధరించిన ఆ పాత్ర రెప్పలార్చినంతసేపే ఆ చలనము. స్మృతి జీవితముగా మారినట్లు తోచు క్షణము అది. నాయకుడు తుదివరకు కోరినది ఆ క్షణమునే. కాని తుదిఘట్టమున అతని పరుగు కూడ కదలని చిత్రములుగానే చూపబడినది. పరుగెత్తుచున్నట్లు మనకు తెలియును, పరుగు కనబడదు. వెనుకకు వ్రాలు దేహమును చూతుము, వ్రాలుట అను క్రియను చూడము. అతడు జీవితము లభించునని పోయిన చోట లభించినది మరల బింబమే. ఆ బింబము ఎవరిదనగా, వేదికపై నిలిచి చూచుచున్న బాలునిది.

ముగింపులోని రసమును గూర్చి ఒక్కమాట. నాటకమున నిర్వహణసంధియందు అద్భుతరసము ఉండవలెనని భరతుడు విధించెను. ‘లా జెతే’ మొదటిసారి చూచినపుడు ముగింపున కలుగునది నిశ్చయముగా విస్మయమే. విస్మయముతో ఆగినవానికి ఈ చిత్రము పొడుపుకథ వంటిది. విడిపోయిన పిమ్మట దానితో పని లేదు. రెండవసారి చూచుటయే దీనికి ఒరపిడి. అప్పుడు విస్మయము పోవును. తొలి ఘట్టమందే, బాలుడు స్త్రీముఖమును చూచుచుండగనే, ఒరుగబోవువాడు ఎవడో మనకు తెలియును. చిత్రమంతయు కరుణమై తోచును. ఇంచుక మార్పులతో ఈ కథనే గ్రహించి టెర్రీ గిలియమ్ 1995లో ‘పండ్రెండు కోతులు’ అను పెద్ద చిత్రమును నిర్మించెను. మూలములోని మలుపు పెద్ద కథను మోయగలిగిన దృఢత్వము కలదని దానివలన తెలియును. కాని మూలపు బలము మలుపులో గాక, మలుపు తెలిసిన పిమ్మటను మిగులు కరుణములో కలదు.

ఇచట ఒక ఆక్షేపము వచ్చును. బాలుడు పెరిగి మరల ఆ మనుష్యుడే యగును. మరల వేదికపై పడును. కావున స్మృతి మరొకనికి అందినదనుట యెట్లు? అది తిరిగి తనకే అందినది గదా? ఆక్షేపము సమంజసమే. బాలునితో ఆగినచో మా వాదము చక్రమునుండి బయటపడదు. కాని బాలుడు చూచెను, అర్థము చేసికొనలేదు. నాయకుడు అర్థము చేసికొనెను, దానిని నిలుపుకొనుటకు బ్రతికి లేడు. చూపు ఒకనియందును, ఎరుక వేరొకనియందును మిగిలినవి. ఈ రెండును ఒక్కచోట కలియునది ఎవరియందనగా ప్రేక్షకునియందు. తొలి ఘట్టము వలన కలిగిన సంస్కారము అతనియందు కలదు. తుదిఘట్టము అతని కన్నుల యెదుట ప్రత్యక్షముగా కలదు. సంస్కారము, ప్రత్యక్షము రెండును కూడిననే ప్రత్యభిజ్ఞ యని పైన చెప్పితిమి. కావున ‘లా జెతే’లో సంపూర్ణమైన ప్రత్యభిజ్ఞ పాత్రకు గాక సహృదయునకు కలుగుచున్నది. పటము కథలో బొమ్మకు తెలియనిది పటమునకు ఇవతలివానికి తెలియుట వంటిదే యిది. చక్రమునకు వెలుపల ఒకడు కలడు; వాడు మనమే.

దీనినిబట్టి తేలినదేమనగా, కథకుడు కాలమును గూర్చి చెప్పిన తుదిమాట నాయకుని యనుభవమునకు సత్యము. కృతికంతటికి అదియే తుదిమాట కాదు. కాలము అతనిని విడువలేదు, నిజమే. కాని అతడు చేసిన యెన్నికలో ఒక పొరపాటు కలదు: స్మృతి తిరిగి నివసింపదగిన స్థలమని అతడు నమ్మెను. దుష్యంతుడు బాలుని చూచుటచేతను, కళాపూర్ణుడు శిశువు మాటను వినుటచేతను తప్పించుకొన్న ప్రమాదము ఇదియే. ముగింపులను వ్యాఖ్యానించునపుడు “విధి” అను మాట మనకు మిక్కిలి సులభముగా దొరకును. అది దొరకినంతనే విచారము ఆగిపోవును. పాత్ర ఏమి కోరినది, దేనిని చూచియు చూడలేదు అని అడిగిననే విమర్శ ముందునకు సాగును. 1908 నాటి ద్రష్టలందరును గతించిన పిమ్మట అఫ్జల్‌గంజ్ చింతచెట్టు క్రింద నిలిచిన మనకు ఆ వరదలోనికి పోవు దారి లేదు. పోవలసిన పనియు లేదు. వినినదానిని మరచిపోక, తరువాతివారికి చెప్పుటయే మన పని. తన నాయకుడు ఎరుగని ఈ ధర్మమును ‘లా జెతే’ తన ప్రేక్షకునిపై ఉంచినదని మా యభిప్రాయము.